బచ్చన్నపేట: ఒకే ఊరు, మూడు జిల్లాలు

జనగామ పట్టణానికి వాయవ్యంగా, చేర్యాల దిశలో ఉన్న మండల కేంద్రం బచ్చన్నపేట. ఇది దక్కను పీఠభూమిలోని మెట్ట ప్రాంతం. రాతి గుట్టలు, ఎర్రని చెల్క నేలలు, వాటి మధ్య చెరువులు, కుంటలు ఇక్కడి నైసర్గిక స్వరూపం. దగ్గరలో పెద్ద నది లేదు. అందువల్ల తరతరాలుగా వానలు, చెరువులు, బావులే ఇక్కడి సేద్యానికి ఆధారం. ఏటూరునాగారం సమీపంలో గోదావరి జలాలను ఎత్తిపోసే దేవాదుల పథకం వచ్చాకే ఈ ఎత్తైన ప్రాంతపు చెరువులకు నదీజలం చేరే మార్గం ఏర్పడింది.

నేల మారలేదు గాని, దానిపై గీసిన పాలనా సరిహద్దులు పలుమార్లు మారాయి. నిజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ విధానాన్ని ప్రవేశపెట్టారు. ఆ రాజ్యం చివరి దశాబ్దాల్లో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలో ఉండేది. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి నేడు జనగామ జిల్లాలో ఉన్నా, చరిత్ర గ్రంథాలు ఆ ఘట్టాన్ని నల్గొండ జిల్లా పోరాటంలో భాగంగా పేర్కొనడానికి కారణం ఇదే. 1950లలో ఈ తాలూకా వరంగల్ జిల్లాలో చేరింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2016 అక్టోబర్ 11న జనగామ జిల్లా అవతరించగా బచ్చన్నపేట అందులో చేరింది. పొరుగునున్న చేర్యాల సిద్దిపేట జిల్లాకు వెళ్లింది. అయినప్పటికీ శాసనసభ ఎన్నికల్లో ఈ రెండు మండలాలూ జనగామ నియోజకవర్గంలోనివే.

ఈ మార్పులన్నింటినీ తట్టుకొని నిలిచినవి మన నోట నానిన మాటలు. జిల్లా, తాలూకా, తహసీల్ అరబీ మూలం గల పదాలు. అరబీలో ‘జిల్అ’ అంటే పక్క, పార్శ్వం. ‘తఅల్లుఖ్’ అంటే సంబంధం. ‘తహ్‌సీల్’ అంటే రాబట్టడం, వసూలు చేయడం. రైతు నిత్యం పలికే ఖరీఫ్‌కు శరదృతువనీ, రబీకి వసంతమనీ అర్థం. ఏ మతస్థుడైనా, ఏ భాష మాట్లాడేవాడైనా పొలం గట్టున నిలబడి పలికేది ఈ మాటలే.

ఈ చరిత్ర తెలుసుకోవడం కేవలం కుతూహలం కోసం కాదు. తాతల నాటి భూమి కాగితం వెతికే కుటుంబానికి అది ఎంతో అవసరం. నిజాం కాలపు ఉర్దూ దస్తావేజులో నల్గొండ, తండ్రి నాటి పట్టాలో వరంగల్, నేటి పాసుపుస్తకంలో జనగామ కనిపిస్తే ఆశ్చర్యపడనక్కర లేదు. మూడూ ఒకే నేలవి కావచ్చు. జిల్లా పేరు వేరుగా ఉందని పాత కాగితాన్ని పారవేయడం వారసుల హక్కుకు ఆధారాన్ని పోగొట్టడమే. ఉర్దూ చదవగల పెద్దలు ఇంట ఉండగానే ఆ పత్రాలు చదివించి, సర్వే నంబర్లు, హద్దులు, ఊరి పేరు తెలుగులో రాయించి పెట్టుకోవాలి. రేపు సరిహద్దులు మళ్లీ మారినా, ఆ రాత మన పిల్లలకు దారి చూపుతుంది.