వూస్టరు నగరమున నొక శనివారము

మా తమ్ముడు ఇంగ్లండు దేశమందలి వూస్టరు నగరమున వైద్యుడుగా నున్నాడు. "అక్కా! ఒక్కమాఱు వచ్చి మా యూరు చూచి పొమ్ము" అని వాడు పలుమాఱులు కోరుచుండుటచే, 2025వ సంవత్సరము శరదృతువున మావారు పాఠశాలకు సెలవు పెట్టగా, ఇద్దరమును బయలుదేరి పోయితిమి. లండను నగరపు వైభవములను గూర్చి సోదరీమణు లిదివఱకే యనేక వ్యాసములలో జదివియుందురు. కావున వానిని విడిచి, ఆ చిన్న నగరమున మేము చూచినదియు, ఒక పెద్దావిడ నోట విన్నదియు మాత్రమే యిందు విన్నవించెదము.

లండనులోని పాడింగ్టను స్టేషనున రైలెక్కి పడమరగా రెండు గంటలకు పైగా ప్రయాణము చేసినచో వూస్టరు చేరవచ్చును. దారి పొడవునను పచ్చిక బయళ్లు, గొఱ్ఱెల మందలు, ఎఱ్ఱ యిటుకల యిండ్లు. నగరమున సెవర్ను నది ప్రవహించుచున్నది. గోదావరిని జూచిన కన్నుల కది యొక కాలువవలె దోచును గాని, ఆ ద్వీపమున నంతకంటె పొడవైన నది వేఱొకటి లేదు. నీటిపై హంసలు గుంపులు గుంపులుగా నీదుచుండెను. నలోపాఖ్యానమున హంసను గూర్చి చదువుకొనుటయే గాని, నిజమైన హంస మా చేతిలోని రొట్టెముక్కకై మెడ చాచుట మే మెన్నడు నెఱుగము.

నది యొడ్డుననే పురాతనమైన గొప్ప క్రైస్తవ దేవాలయము గలదు. 1216లో మరణించిన జాను రాజు సమాధి యందే యున్నది. దేవాలయమునకు దిగువను, నదికి ఎదురుగా, వాటర్ గేటు అను రాతి ద్వారమొకటి కలదు. దాని గోడపై గీతలును, గీతల ప్రక్కన సంవత్సరములును చెక్కియున్నవి. ఏ యేట వఱద యెంత యెత్తునకు వచ్చెనో ఆ గీతలు తెలుపును. 1770 నాటి గీత యొకటి, 1947 నాటి గీత యొకటి మా తలల కంటె నెంతయో పైన నుండుట చూచి మేము విస్మయము నొందితిమి. "కీడు వచ్చిన దానిని దాచక, ఎంత వచ్చినదో గోడపై వ్రాసి యుంచిరి, చూచితివా!" అని మావారనిరి. ఆ మాట యా దినమున మేము పెద్దగా పట్టించుకొనలేదు.

గృహిణులకు వేడుక గలిగించు ముచ్చట యొకటి యిచ్చట జెప్పవలెను. ఈ నగరము పేరు లోకమంతట వ్యాపించినది ఒక పులుసు వలన. 1837 నుండి అమ్మకములో నున్న వూస్టరు సాసున మన చింతపండు పడును. మా మఱదలు సీసా చూపి, "వదినగారూ! మన చింతపండు మనకంటె ముందే యీ యూరు చేరినది" అని నవ్వెను.

మా తమ్ముని పొరుగింట నొక వృద్ధురాలు గలదు. డెబ్బదియేండ్లు దాటినవి. పూర్వము బడిలో ఉపాధ్యాయినిగా పని చేసెను. భర్త గతించి కొన్నియేండ్లైనది. మేము వచ్చిన మఱునాడే ఆమె ఆపిలుపండ్లతో చేసిన భక్ష్యమొకటి తెచ్చి యిచ్చెను. మేము పులిహోర పంపితిమి. ఇట్లు స్నేహము కలిసినది. ఆమె సావడిలో గోడకు రెండు మెడగుడ్డలు వ్రేలాడుచుండెను. రెండును ముదురు నీలము, బంగారువన్నె కలిసినవి. వానిని గూర్చి యడుగగా, "ఒకటి నాది, ఒకటి నా భర్తది. మూడేండ్లుగా రెండును అట్లే యున్నవి" అనెను. మాకు ఆంగ్లము కొంత బోధపడును. తక్కినది మావారు తెలుగు చేసి చెప్పిరి.

అవి వూస్టరు వారియర్సు అను రగ్బీ జట్టు రంగులు. ఈ యాట నెఱుగని సోదరీమణుల కొఱకు రెండు మాటలు. జట్టునకు పదునైదుగురు చొప్పున ఎనుబది నిమిషములు ఆడుదురు. బంతి కోడిగ్రుడ్డు ఆకారముగా నుండును. దానిని చేత బట్టి పరుగెత్తవచ్చును గాని, ముందున్నవానికి చేతితో విసరరాదు. వెనుకనున్న వానికే యందీయవలెను. ఎదిరిపక్షపు గీత దాటి బంతిని నేలకు దాకించినచో అయిదు గుణములు. ఈ క్రీడకు కట్టుబాట్లు చేయు ఇంగ్లండు దేశపు సంఘము 1871లో పుట్టెను. వూస్టరు జట్టు పుట్టినదియు ఆ యేడే.

బహుకాలము చిన్న జట్టుగా నుండినదానిని, ఆ యూరనే నీళ్లు కాచు యంత్రముల పరిశ్రమ స్థాపించి ధనవంతుడైన సెసిల్ డక్‌వర్తు అను నాయన పోషించి పైకి దెచ్చెను. 2004లో జట్టు ఉన్నతశ్రేణికి జేరెను. ఊరి వెలుపల సిక్స్‌వేస్ అను చోట సుమారు పండ్రెండు వేలమంది కూర్చుండు క్రీడాస్థలము ఏర్పడెను. ఆ మహనీయుడు 2020లో గతించెను. అంతకు ముందే యాజమాన్యము ఇతరుల చేతులలోనికి బోయియుండెను.

"అమ్మా, ఓడిపోవుట మాకు కొత్త కాదు" అని యా వృద్ధురాలు చెప్పసాగెను. "ఓడిన సాయంకాలము లెన్నింటినో వానలో దడిసి యింటికి వచ్చి, తేనీరు త్రాగి మఱచితిమి. మమ్ము బాధించినది ఓటమి గాదు, మాకేమియు జెప్పకుండుట."

అప్పటి కథ యిది. కరోనా కాలమున ప్రేక్షకులు లేక ఆటలు సాగినందున అనేక జట్లు అప్పులలో మునిగెను. ప్రభుత్వమే ఋణము లిచ్చి ఆదుకొనవలసి వచ్చెను. అంతకు ముందును ఆటగాండ్ర జీతములు రాబడిని మించుచునే యుండెను. 2022 వేసవిలో వూస్టరు జట్టు 60 లక్షల పౌండ్లకు పైగా పన్ను బాకీ పడినదనియు, పన్నుల శాఖవారు న్యాయస్థానమున కెక్కిరనియు వార్త పొక్కెను. మొత్తము ఋణము రెండున్నర కోట్ల పౌండ్లకు మించినదని పిమ్మట దేలినది. క్రీడాస్థలము చుట్టునున్న భూములలో గొన్ని వేఱు కంపెనీల పేరిట మాఱియుండుటయు బయల్పడెను. జట్టు ఒకరిది, నేల మఱొకరిది యైనచో, రేపు జట్టును రక్షింప వచ్చువాడు దేనిని జూచి వచ్చును?

ఉద్యోగులకు జీతములు సరిగా నందలేదు. అయినను వారును, ఊరివారును పని మానలేదు. కొందఱు కూలి లేకయే ద్వారములకడ నిలిచిరి. మా వృద్ధురాలు జీతము రాని యువతుల కొఱకు ఇంట రొట్టెలు కాల్చి పట్టుకొని పోయెడిదట. "ఏమి జరుగుచున్నదని యెవ్వరిని అడిగినను, అంతయు చక్కబడును, కొనువారు వచ్చుచున్నారు అనియే జవాబు. మేము అంతకు కొన్ని మాసముల ముందే ఆ యేడంతటికిని టిక్కెట్టు సొమ్ము కట్టియుంటిమి. మా సొమ్ము పుచ్చుకొనునపుడు మేము ఇంటివారము; లెక్క అడిగినపుడు పరాయివారము!"

2022 సెప్టెంబరు 24వ తేదీన వూస్టరు జట్టు న్యూకాసిలు జట్టును 39–5 గుణములతో ఓడించెను. రెండు దినములకు జట్టును పోటీల నుండి నిలిపివేసిరి. అక్టోబరు 5వ తేదీన న్యాయస్థానము ఆటగాండ్ర కంపెనీని మూసివేయ నుత్తరువిచ్చెను. ఒక్క పూటలో ఆటగాండ్ర ఒడంబడికలన్నియు రద్దయ్యెను. ఆ నెలలోనే వాస్ప్సు అను జట్టును, మఱుసటి యేడు లండను ఐరిషు అను జట్టును గూడ ఇట్లే కూలెను. పదుమూడు జట్ల శ్రేణి పదింటికి దిగెను. 2023 జనవరిలో పార్లమెంటు ఉపసంఘము తన నివేదికలో, యజమానులనే గాక, కన్ను మూసికొని కూర్చుండిన క్రీడాసంఘముల వారిని గూడ తప్పు పట్టినది. "నిజమే చెప్పిరి. కాని అప్పటికి మా మైదానమున గడ్డి మోకాలెత్తు పెరిగినది" అని యామె నిట్టూర్చెను.

అంతటితో గోడు ముగియలేదు. 2023లో జట్టును వేఱొక యూరి జట్టుతో గలిపి, వూస్టరు అను పేరే తీసివేయ దలచిరి. నూటయేబది యేండ్ల పేరు పోవునా యని ఊరివారు మండిపడిరి. ఆ యత్నము సాగలేదు. ఆ యేడే స్త్రీల జట్టు సొమ్ము చాలక ఉన్నతశ్రేణి నుండి తప్పుకొనవలసి వచ్చెను. ఈ మాట చెప్పునప్పుడు ఆమె కంఠము మాఱెను. ఆమె యొద్ద చదువుకొన్న పిల్లలలో నొకతె చిన్నతనము నుండియు ఆ జట్టున జేరవలెనని అభ్యాసము చేసినదట. "మగవారి జట్టు పోయినపుడు పత్రికలు నెల దినములు వ్రాసినవి. ఆడపిల్లల జట్టు పోయినపుడు ఒక్కపూట."

2025లో పురుషుల జట్టు, క్రొత్త యాజమాన్యము క్రింద, రెండవ శ్రేణిలో మరల ఆడ నారంభించెను. మేము పోయినది ఆ దినములలోనే. ఆ శనివారము పోవలెనా మానవలెనా యని వృద్ధురాలు మూడు దినములుగా తర్కించుకొనుచుండెను. కొడుకు ఫోనులో, "ఒకమాఱు మోసపోయితిమి, చాలదా?" అనెనట. తుదకు శుక్రవారము రాత్రి మా తలుపు తట్టి, "మీరును వచ్చినచో పోయెదను" అనెను.

పోయితిమి. ఆమె తన మెడగుడ్డ తాను వేసికొని, భర్తదానిని మా మెడకు జుట్టెను. మేము చీరపై కోటు, కోటుపై ఆ నీలిగుడ్డ ధరించి నడచుచుండగా త్రోవన బోవువారు చిఱునవ్వుతో పలుకరించిరి. క్రీడాస్థలమున ముసలివారు, పసిపిల్లలు, దంపతులు. ఒకరి నొకరు పేరు పెట్టి పిలుచుకొనుచు, పెండ్లిలో చాల కాలమునకు గలిసిన చుట్టములవలె కౌగిలించుకొనుచుండిరి. ఆట మాకు సగమే బోధపడినది. ఆటగాండ్రు ఎద్దులవలె తలలు కలిపి త్రోసికొనుటయు, బురదలో పొర్లుటయు, మఱునిమిషమున చేతులు కలుపుటయు వింతగా నుండెను. విరామ సమయమున మా వెనుక వరుసవారు ఆటను గూర్చి గాక యాజమాన్యమును గూర్చియే మాటలాడుకొనిరి. మైదానపు నేల యెవరి పేరిట నున్నది? అప్పు లెన్ని తీఱినవి? ఆ ప్రశ్నలలో కోపము కంటె భయమే హెచ్చుగా వినబడెను.

మేము వృద్ధురాలిని, "ఈ యేడంతటికిని చెల్లు టిక్కెట్టు కొంటిరా?" అని యడిగితిమి. ఆమె తల యూపెను. "లేదమ్మా. ఒక్కొక యాట కొక్కొక టిక్కెట్టు. క్రొత్తవారు చెడ్డవారని నేననను. మంచివారే కావచ్చును. కాని మంచివారును లెక్క చూపవలెను గదా. ఈ యేడే ఫుట్‌బాలు జట్ల కొఱకు చట్టమొకటి వచ్చినది. యజమానులను పరీక్షించుటకును, అభిమానులతో సంప్రదించుటకును నియమములు గలవు. అది రగ్బీకి వర్తింపదు. మాకు జట్టు స్వామ్యము అక్కఱలేదు. వఱద యిల్లు ముంచక ముందే నీరెంతవఱకు వచ్చెనో చెప్పిన జాలును."

అప్పుడు వాటర్ గేటు గీతలు మాకు జ్ఞప్తికి వచ్చినవి. మావారి వైపు చూచితిమి. వారును అదే తలచుచున్నారని తెలిసినది.

ఇంటి యిల్లాలికి ఈ న్యాయము క్రొత్త గాదు. పాలవానికి, చాకలికి, అంగడికి ఎంత యీయవలెనో గోడపై బొగ్గుగీతలతో లెక్క వ్రాసికొన్న అవ్వల మనుమరాండ్రము మనము. ఇంటి లోపల అణా తప్పిన ఊరకుండము. కాని వీథి దాటిన పిమ్మట, మన సొమ్మును, మన ప్రేమను పోసిన చోట, లెక్క యడుగుట మర్యాద గాదని యూరకుందుము. మా యూర స్త్రీల చందాలతో నడచిన పఠనమందిర మొకటి రెండేండ్ల క్రిందట మూతబడినది. నెలనెల చందా యిచ్చిన మేము, "అయ్యో, కాలము!" అంటిమి గాని, పద్దుల పుస్తకము చూపుడని ఒక్కనాడైన అడిగియుండలేదు.

తిరిగి వచ్చిన పదునైదు దినములకు మేము నలుగురు స్త్రీలము కలిసి కార్యదర్శిగారి యింటికి బోయి ఆ పుస్తకము నడిగితిమి. ఆయన కోపింపలేదు. అటకపై వెదకి, దుమ్ము దులిపి యిచ్చెను. కడపటి పదునాలుగు నెలల పుటలలో ఒక్క అక్షరము లేదు. సొమ్ము దొంగిలినవా డెవ్వడును లేడు. వ్రాసినవాడును లేడు, అడిగినవాడును లేడు. ఇంటి అద్దె బాకీపడి తాళము పడినది.

మొన్న సంక్రాంతికి ఆ తాళము తీసితిమి. బీరువాలు మూడు, పుస్తకములు చెదలు తినగా మిగిలినవి సగము. వాకిటి గోడపై నల్లబల్ల యొకటి కట్టించి, వచ్చిన దెంత, పోయిన దెంత, ఉన్న దెంత యని నెలనెల సుద్దతో వ్రాయుచున్నాము. తొలినెల మూడవ అంకె ముందు ఋణచిహ్నము పెట్టవలసి వచ్చెను. చెరిపివేయుదమా యని ఒక యిల్లాలు సంకోచించెను. వద్దని, అట్లే యుంచితిమి.

ఆ బల్ల ఛాయాచిత్రమును వూస్టరునకు పంపితిమి. వృద్ధురాలు బదులు వ్రాసెను: రానున్న శనివారమునకు గూడ ఒక టిక్కెట్టు కొన్నదట.