సున్నం, తవుడు నీళ్ళు, ఒక గులాబీ గీత – 11

పోయిన భాగం చదివి ఇద్దరు ముగ్గురు తమ్ముళ్ళు "అన్నా, బడి ముచ్చట మధ్యల ఆపేసినవ్" అన్నరు. ఇయ్యాల అదే రాస్తున్న.

పదో తరగతి. ఆమ్లాలు, క్షారాల పాఠం. సార్ గాజు కుప్పెల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం పోసి రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేసిండు. నీళ్ళు గులాబీ రంగైనయ్. పైన బ్యూరెట్ నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క చుక్క వదిలిండు. ఒక్క చుక్క దగ్గర రంగు టక్కున పోయింది. ఆమ్లంల ఉన్న హైడ్రోజన్ అయాను, క్షారంల ఉన్న హైడ్రాక్సైడ్ అయాను కలిసి నీళ్ళయితయి, మిగిలింది లవణం, దీన్నే తటస్థీకరణం అంటరు అని చెప్పిండు. ఈ చర్యల వేడి పుడుతదని ముందు బెంచీ వాళ్ళతోని కుప్పె ముట్టిచ్చి చూపిచ్చిండు. ఆ కుప్పె మా బెంచీ దాకా రాలే.

తర్వాత అడిగిండు: "మీ ఇండ్లల్ల ఇట్లాంటి పని ఏదన్న జరుగుతదా?"

ఒకడు కడుపుమంట గోలీ అన్నడు. ఒకామె పుల్ల పెరుగుల వంట సోడా వేస్తే పొంగుతది అన్నది. రెండూ కరెక్టే. నాకు మా తాత లంద యాదికొచ్చింది. చెయ్యి లేపలే. వారం కిందనే నా పక్కన కూసునేటోడు "వీని దగ్గర తోలు వాసనొస్తది" అని జాగ మార్చుకున్నడు. క్లాసంత నవ్వింది.

ఆ రోజు చెప్పనిది ఇప్పుడు చెప్త.

మా తాత వయసుల ఉన్నప్పుడు ఊరి బావులకు మోట బొక్కెనలు కుట్టేది. నేను పుట్టేసరికి మోటలు పోయి మోటార్లు వచ్చినయ్, చెప్పులే మిగిలినయ్. పచ్చి తోలును మొదట సున్నం లందల వేస్తరు. సున్నం నీళ్ళంటే కాల్షియం హైడ్రాక్సైడ్, గట్టి క్షారం. తోలు ఉబ్బుతది, వెంట్రుక వదులైతది. గీకేస్తరు. అసలు పని ఆడ మొదలైతది. తోలు లోపల పట్టిన సున్నాన్ని తియ్యాలె. తియ్యకుండ తంగేడు చెక్క లందల వేస్తే తోలు నల్లబడ్తది, పెళుసైతది, మడిస్తే పగుల్తది. వట్టి నీళ్ళతోని ఎంత కడిగినా లోపలి సున్నం పూర్తిగ పోదు. అందుకే తాత తవుడు నీళ్ళు పులియబెట్టేది. పులిసిన తవుడుల లాక్టిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం ఉంటయ్. అవి సున్నంతోని కలిస్తే పుట్టే లవణం నీళ్ళల్ల కరిగి బయటికొస్తది. అదే సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడితే పుట్టే కాల్షియం సల్ఫేట్ సరిగ కరగదు, తోలులనే కూసుంటది. బలమైన ఆమ్లమే మంచిదనుకునేటోళ్ళు ఇది గమనించాలె.

సున్నం తోలును గాలికి ఎక్కువసేపు పెట్టనిచ్చేటోడు కాదు. మచ్చలు పడ్తయనేది. గాలిల ఉన్న కార్బన్ డయాక్సైడ్‌తోని సున్నం కలిసి సుద్దయితది. గోడకు కొట్టిన సున్నం గట్టిపడేది గూడ ఇట్లనే. తాతకు ఈ పేర్లు తెల్వయి. బొటనవేలుతోని తోలును గట్టిగ నొక్కేది. వేలు తియ్యంగనే తోలు మళ్ళ పైకి లేస్తే సున్నం ఉన్నట్టు. గుంట అట్లనే నిలిస్తే పోయినట్టు.

ఆయన చేతులు ఎప్పుడూ పగిలే ఉండేటియి. పొద్దుమీకి నాయనమ్మ పులిసిన గంజి పోసి కడిగేది. తమ్ముళ్ళూ, ల్యాబుల క్షారం చేతి మీద పడితే మాత్రం ఇట్ల ఆమ్లం పొయ్యకుండ్రి. వేడి పుడుతదని చెప్పిన గద. చాలాసేపు మంచినీళ్ళు ధారగ పొయ్యాలె, అంతే.

బతుకమ్మల తంగేడు పువ్వును నెత్తిన పెట్టుకుంటరు. 2014ల రాష్ట్ర పుష్పం గూడ అయింది. దాని చెక్క మా లందల నానింది, ఆ చెక్క నానబెట్టిన చేతులను మాత్రం ఊరు అంటరానివన్నది.

చానా ఏండ్లకు, కార్మికుల సంగతులు రాసుకుందామని ఒక తోళ్ళ ఫ్యాక్టరీకి పోయిన. అక్కడ తవుడు లేదు. పెద్ద డ్రమ్ముల అమ్మోనియం సల్ఫేట్ వేసి తిప్పుతున్నరు. సున్నంతోని అది కలిస్తే అమ్మోనియా లేస్తది. నేను రెండు నిమిషాలు నిలబడలేకపోయిన, కండ్లు మండినయ్. డ్రమ్ము కాడ పొద్దందాక నిలబడేటోళ్ళు ఎవరని అడిగితే అందరూ మనోళ్ళే. ముక్కుకు గుడ్డ తప్ప ఏం లేదు.

అండ్ల ఒకాయన డ్రమ్ములకెళ్ళి తోలు తీసి, అంచు కోసి, కోసిన కాడ సీసాలకెళ్ళి ఒక చుక్క వేసిండు. అంచులు తెల్లగనే ఉన్నయ్. నడుమ సన్నని గులాబీ గీత లేచింది. "లోపల ఇంక సున్నం ఉంది" అని మళ్ళ డ్రమ్ముల వేసిండు.

సీసాల ఏముందని అడిగిన. ఫినాఫ్తలీన్.

బయటికొచ్చి నాయినకు ఫోన్ చేసిన. తాత తోలును తవుడు నీళ్ళల్ల ఎన్ని రోజులు పెట్టేటోడని అడిగిన.

"రోజుల లెక్క యాడిది బిడ్డా? ఎండకాలం జల్ది పులుస్తది, చలికాలం ఆలస్యం. బొటనవేలు చెప్పాలె. అయినా ఇప్పుడెందుకది?"

ఇది మా పదో తరగతి పాఠమే నాయినా, సార్ గూడ అడిగిండు అన్న.

నాయిన కాసేపు మాట్లాడలే.

"మరి అప్పుడు చెప్పకపోయినవా?" అన్నడు.