తెల్లసొనలో అయస్కాంతము

రసాయన శాస్త్రమనగానే రంగులు మారు ద్రావణములే స్ఫురించు మిత్రులు మా కళాశాలలో పెక్కురు గలరు. మేము చేపట్టిన పని మాత్రము నల్లని బురదతో ఆరంభమగును. ఫెర్రస్, ఫెర్రిక్ లవణములను 1:2 నిష్పత్తిలో నీట కరగించి అమ్మోనియా చేర్చినచో వెంటనే నల్లని అవక్షేపము ఏర్పడును. అదియే మాగ్నటైటు. బీకరు ప్రక్కన అయస్కాంతమును (ఉర్దూ విభాగపు మిత్రుల మాటలో మక్నాతీసును) ఉంచగనే నలుపంతయు ఒక ప్రక్కకు చేరును. తీసివేసిన మరల నీటిలో కలియును. కణములు 20 నానోమీటర్లకు లోబడినవైనచో వానిలో అయస్కాంతత్వము నిలిచియుండకపోవుటయే ఇందులకు కారణము. అపకేంద్ర యంత్రముతో మాకిక పనిలేదు.

మా గురి కోడిగ్రుడ్డు తెల్లసొనలోని లైసోజైము. సూక్ష్మజీవుల కణకవచములను ఛేదించు ఈ పదార్థమును 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగు ప్రకటించెను. తెల్లసొన మాంసకృత్తులలో దీని పాలు మిక్కిలి స్వల్పము. సగమునకు మించినది ఓవాల్బుమిను. ఇంత గుంపులో ఒక్కదానిని ఏరుట యెట్లు? విద్యుదావేశమే ఉపాయము. పి.హెచ్. 7 వద్ద లైసోజైము ధనావేశము గలది. ఓవాల్బుమిను ఋణావేశము గలది. సిలికా తలము కూడ ఋణావేశము గలదే. కనుక మాగ్నటైటుపై సిలికా తొడుగు వేసితిమి.

తొడుగు కష్టము కాదు. రంధ్రములే మమ్ము వేధించినవి. సీటాబ్ అను సబ్బువంటి పదార్థపు అణువులు గుంపులు కట్టగా, వాని చుట్టును సిలికా గట్టిపడును. ఆ అచ్చును తొలగించిన రంధ్రములు మిగులును. 550 డిగ్రీల వద్ద కాల్చుట వాడుకలోనున్న మార్గము. కాని గాలిలో అంత వేడికి మాగ్నటైటు ఆక్సీకరణము చెంది అయస్కాంత శక్తి క్షీణించును. ఎలుకకై ఇంటికి నిప్పు పెట్టుట యేల యని, అమ్మోనియం నైట్రేటు కలిపిన వెచ్చని ఆల్కహాలుతో పలుమార్లు కడిగితిమి.

అంతటితో తీరలేదు. అట్టి రంధ్రపు వెడల్పు 2 నుండి 3 నానోమీటర్లు. లైసోజైము అణువు సన్నని ప్రక్క నుండి చూచినను సుమారు 3, పొడవు 4.5. అతిథి గడప వద్దనే నిలిచిపోవును! ట్రైమిథైల్ బెంజీనుతో అచ్చును ఉబ్బించి రంధ్రమును పెద్దది చేయవలసివచ్చినది. మరీ పెద్దదైనచో గ్రామునకు లభించు తలవైశాల్యము తగ్గును. అక్కరలేనివియు లోన చేరును.

ఎంత పట్టుకొన్నదో 280 నానోమీటర్ల కాంతి శోషణతో లెక్కించుట పరిపాటి. ఆ అంకె మాంసకృత్తి ఇంకను పనిచేయుచున్నదో లేదో చెప్పజాలదు; మాకది చాలదనిపించినది. అందుచే ఉప్పునీటితో విడిపించిన ద్రవమును మైక్రోకాకస్ కణములతో మసకబారిన నీటిలో చుక్కలుగా వేసి చూచితిమి. కొలది నిమిషములలో ఆ మసక విరిసి నీరు తేటపడెను.