వంటింట్లోంచి చెప్పిన ఓటీపీ

మొన్న ఏప్రిల్‌లో కుప్పం నుంచి అక్క ఫోన్ చేసింది. "రేయ్, ఎవరో ఆయప్ప పాప పేరు పెట్టి అడుగుతా ఉండాడు. ఏ స్కూలో తెలుసు, మ్యాథ్స్ వీక్ అని కూడా తెలుసు. స్కూల్ సారేమో అనుకొని పది నిమిషాలు మాట్లాడినా" అంది.

సారూ కాదు, గీరూ కాదు. ఇంటర్ అడ్మిషన్ల మనిషి. ఆ వారంలోనే అలాంటి కాల్స్ ఏడు వచ్చాయి, ఏడు వేరే వేరే నంబర్ల నుంచి.

కుప్పం వెళ్లినప్పుడు అడిగితే మేనకోడలు మెల్లగా బయటపెట్టింది. డిసెంబర్‌లో ఫ్రెండ్స్ గ్రూప్‌లో 'ఫ్రీ మాక్ టెస్ట్' లింకు వచ్చిందట. బావ పాత ఫోన్‌లో ఫారం నింపింది. పేరు, స్కూలు, పుట్టిన తేదీ, నాన్న ఏం చేస్తారు, అమ్మ నంబరు. కింద 'తల్లిదండ్రుల అనుమతి ఉంది' అనే చిన్న గడి. టిక్ పెట్టేసింది. ఓటీపీ అక్క ఫోన్‌కి వచ్చింది. అక్క పొయ్యి దగ్గరుంది. "అమ్మా, ఏదో నంబర్ వచ్చింటుంది, చెప్పు" అంటే ఆరు అంకెలూ గట్టిగా చదివి చెప్పింది.

ఆ టెస్ట్‌లో మ్యాథ్స్ మార్కులు తక్కువొచ్చాయి. భయపడి ఇంట్లో చెప్పలేదు. వాళ్ల అమ్మకంటే ముందు ఎవరో ఊరూ పేరూ తెలీనోడికి ఆ సంగతి తెలిసింది. ఆ ఫారం నుంచే పోయిందని నేను నిరూపించలేను. కానీ ఆ మార్కులు ఇంకెక్కడా లేవు.

నేను టెన్త్ రాసినప్పుడు కూడా మదనపల్లె నుంచి కాలేజీ మనిషి పుంగనూరులో మా ఇంటికొచ్చాడు. చేతిలో నోట్‌బుక్, అందులో మా వీధి పిల్లల పేర్లు. అమ్మ కాఫీ ఇచ్చింది. నాన్న "నా కొడుకు పేరు నీకెవరు చెప్పినారు?" అని అడిగితే నసిగాడు. అప్పుడు కనీసం అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు.

ఇది చిన్న కంపెనీల వ్యవహారమే అనుకోకండి. మన స్కూలు పుస్తకాల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునే దీక్ష ఉంది కదా, సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వానిది. దాని డేటా ఉన్న సర్వర్ ఒకటి కాపలా లేకుండా వదిలేశారని 2023 జనవరిలో వైర్డ్ పత్రిక రాసింది. పది లక్షలకు పైగా టీచర్ల వివరాలు, దాదాపు ఆరు లక్షల మంది విద్యార్థుల వివరాలు అందులో ఉన్నాయి.

అదే ఏడాది ఆగస్టులో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. 18 ఏళ్లు నిండని వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకోవాలి. పిల్లల్ని ట్రాక్ చేయకూడదు, వాళ్ల మీద గురిపెట్టి ప్రకటనలు వేయకూడదు. తప్పితే 200 కోట్ల వరకు జరిమానా. బాగుంది. కానీ రూల్స్ రావడానికే 2025 నవంబర్ అయింది. అసలు బాధ్యతలు కంపెనీల మీద పడడానికి ఇంకో 18 నెలలు గడువిచ్చారు, అంటే 2027 మే. అప్పటికి మా పాప ఇంటర్ ఒక ఏడాది అయిపోతుంది. పైగా ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకే పోతుంది. నష్టపోయిన వాళ్లకు పరిహారం ఇప్పించే పాత ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్‌ని ఈ చట్టమే తీసేస్తోంది. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు.

నాకు అసలు భయం ఆ 'అనుమతి' మీదే. బావ పొద్దున్నే బెంగళూరు రైలెక్కితే రాత్రికి గానీ రాడు. అక్కకి ఫోన్‌లో ఏ అనుమానం వచ్చినా అడిగేది పాపనే. రేపు డిజిలాకర్‌తో అనుమతి ఇవ్వమన్నా, ఆ డిజిలాకర్ తెరిచి పెట్టేది కూడా పాపే. మన ఇళ్లల్లో చాలావాటిల్లో ఇంతే కదా? అందుకే అమ్మ సంతకంతో కంపెనీ చేతులు దులుపుకోవడం కుదరకూడదు. మాక్ టెస్ట్‌కి నాన్న ఉద్యోగం ఎందుకు? అవసరం లేనిది అడగడమే తప్పని తేల్చి, ఇక్కడ ఎవరో ఒకరు ఫిర్యాదు తీసుకోవాలి. తెలుగులో రాసినా తీసుకోవాలి.

ఆ రోజు పాపా నేనూ కూర్చుని, డేటా తీసేయమని ఆ టెస్ట్ వాళ్లకి మెయిల్ పెట్టాం. ఇప్పటిదాకా జవాబు లేదు. పోయిన వారం అక్క ఫోన్‌కి ఇంకో ఓటీపీ వచ్చిందట. పాప హాల్లోంచి అడిగింది. అక్క చేతులు తుడుచుకొని, ఫోన్ పట్టుకొని బయటికొచ్చి, "ముందు ఇది దేనికో చెప్పు" అందట. పాపకి కోపమొచ్చి నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది, "మామా, అంతా నీ వల్లే" అని.