కాన్పూ కుట్లూ

మా పరగోడు సీమలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. ఆస్పత్రి కూడా ఆఫీసు కిందికే వస్తుంది. గోడ మీద ‘హెరిగె వార్డు’ అని రాసి ఉంటుంది, లోపల మంచం మీద ఉన్నావిడ మాత్రం ‘కాన్పుకు వచ్చినా’ అంటుంది. కన్నడంలో హెరిగె అంటే కాన్పు, హొలిగె అంటే కుట్టు. వినడానికి అక్కచెల్లెళ్లలా ఉండే ఆ రెండు మాటలూ ఆ వార్డులో చాలావరకు జంటగానే వినిపిస్తాయి.

తొలికాన్పయి ఇంటికి చేరిన పిల్లను చూడవచ్చిన ఆడవాళ్లు ముందడిగేది ఏ బిడ్డ అని. తరువాత గొంతు తగ్గించి, ‘కుట్లు పడినాయా?’ అంటారు. మూడో ప్రశ్న ఉండదు. ఎందుకు పడ్డాయి, తప్పించుకొనే దారి ఉండిందా అని ఎవరూ అడగరు.

ఆ మూడో ప్రశ్న మా అమ్మాయి అడిగింది. బెంగళూరులో ఉద్యోగం, తొలిచూలు, ఏడో నెల. ‘అమ్మా, ఎనిమిదో నెల నుంచి అక్కడ నూనెతో మర్దన చేసుకుంటే చినగదంట. నిజమేనా?’ అంది. నేను బి.కాం. చదివినదాన్ని. శరీరశాస్త్రం నా దారి కాదు. కానీ ముప్పై ఏళ్లుగా బ్యాంకులో లెక్కలు చూస్తున్నాను. డాక్టర్లు రాసుకొనే వ్యాసాలలో కూడా చివరికి ఉండేవి లెక్కలే కదా అని కూర్చొని చదివాను.

‘అక్కడ’ అంటే ఎక్కడో ముందు చెప్పాలి. బిడ్డ బయటికి వచ్చే దారికీ, మలద్వారానికీ నడుమ ఉండే చర్మం, దాని కింది కండ. బిడ్డ తల దిగేటప్పుడు బాగా సాగవలసింది అదే. సాగినంత సాగి, ఆపైన చినుగుతుంది. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల కాలేజీ లెక్క ప్రకారం, మామూలు కాన్పులో తొలిసారి తల్లి అయ్యేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది దాకా ఏదో ఒక గీరుడో, చినుగో, కోతో తప్పదు. చాలావరకు చిన్నవే, మానిపోతాయి. మలద్వారపు కండరం దాకా పోయే పెద్ద చినుగు అక్కడ తొలికాన్పులో నూటికి ఆరుగురికి. భయపడవలసింది దానికి. సరిగా కుట్టకపోతే ఆ మనిషికి విరేచనం ఆపుకోవడం కూడా కష్టమవుతుంది. అట్లాంటివాళ్లు పెళ్లిళ్లకూ పేరంటాలకూ రావడం మానేస్తారు. కారణం ఎవరికీ చెప్పరు.

ఇక మర్దన సంగతి. 1999లో కెనడాలోని క్యుబెక్‌లో జరిగిన పెద్ద పరిశీలన ఫలితాలు వచ్చాయి. తొలికాన్పువాళ్లలో మర్దన చేసుకొన్న 411 మందిలో 100 మందికి ఏ చినుగూ లేకుండా కాన్పయింది. చేసుకోని 417 మందిలో 63 మందికే. అంటే నూటికి ఇరవైనాలుగు, పదిహేను. అంతకు ముందు మామూలు కాన్పు అయినవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తరువాత ఇట్లాంటి నాలుగు పరిశీలనలను, దాదాపు 2,500 మంది తల్లుల లెక్కలను, కాక్రేన్ అనే సంస్థ 2013లో కలిపి చూసింది. తొలికాన్పువాళ్లకు కుట్లు పడటం నూటికి తొమ్మిది పాళ్లు తగ్గిందని తేల్చింది.

ఈ తొమ్మిది దగ్గర కొంచెం ఆగాలి. వడ్డీ తొమ్మిది శాతం అంటే దేని మీద అని అడిగే అలవాటు మాది. అసలు మొత్తం మీదా, మిగిలిన బాకీ మీదా? ఇక్కడ కుట్లు పడేవాళ్ల సంఖ్య మీద తొమ్మిది శాతం, మొత్తం తల్లుల మీద కాదు. అందరికీ అర్థమయ్యేట్టు చెప్పాలంటే, పదిహేనుమంది చేసుకొంటే ఒకరికి కుట్లు తప్పుతాయి. మిగతా పద్నాలుగుమందికి ఎట్లా జరగవలసింది అట్లానే జరుగుతుంది. డాక్టరు పెట్టే కోత కూడా కొంత తగ్గింది. పెద్ద చినుగులు మాత్రం తగ్గినట్టు తేలలేదు. ఇంకొక వింత ఏమంటే, వారానికి ఒకటి రెండుసార్లు చేసుకొన్నవాళ్లకే ఫలితం బాగా కనిపించింది. ఎక్కువసార్లు చేస్తే ఎక్కువ లాభం రాలేదు. ఎక్కువ వేస్తే ఎక్కువ వడ్డీ అనే సూత్రం ఇక్కడ పనికి రాదు.

పని కష్టమైనది కాదు. ముప్పైనాలుగు, ముప్పైఅయిదో వారం నుంచి, గోళ్లు కత్తిరించుకొని, చేతులు కడుక్కొని, వాసన కలపని మంచినూనె బొటనవేళ్లకు రాసుకొని, అంగుళం, అంగుళంన్నర లోపలికి ఉంచి, కిందికీ పక్కలకూ మెల్లగా అయిదు, పది నిమిషాలు సాగదీయడం. రక్తం కనిపిస్తున్నా, మాయ కిందికి ఉన్నా, ఉమ్మనీరు పోతున్నా, అక్కడ పుండూ మంటా ఉన్నా ముట్టకూడదు. డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

ఈ మాట మా అమ్మ చెవిన వేస్తే నవ్వింది. ‘మంత్రసాని ఆముదము చేతికి పూసుకొని కూర్చుంటా ఉండె. వేణ్ణీళ్లలో గుడ్డ ముంచి కాపడము పెడతా ఉండె. ఇప్పుడు ఇంగ్లీషులో రాసినారా?’ అంది. నవ్వినా ఆవిడ మాటలో నిజం ఉంది. బిడ్డ తల దిగేటప్పుడు వెచ్చని తడిగుడ్డ అద్ది ఉంచితే పెద్ద చినుగులు తగ్గుతాయని 2017లో కాక్రేన్‌వాళ్లే తేల్చారు. ముందునుంచీ చేసే మర్దన తప్పించలేని పెద్ద చినుగును, ఆ గడియలో పక్కనున్నవాళ్ల చేతిలోని గుడ్డ కొంత తప్పిస్తున్నది.

మాకు దూరం కాని పావగడ తాలూకా కృష్ణాపురంలో సూలగిత్తి నరసమ్మగారు ఉండేవారు. సూలగిత్తి అంటే మంత్రసాని. బిరుదు కన్నడం, ఇంటిభాష తెలుగు, మనలాగే. చదువు లేదు. అవ్వ దగ్గర నేర్చుకొన్న పనితో 15,000కు పైగా కాన్పులు చేశారని చెబుతారు. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 25న, 98 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు.

అట్లాగని ఇంటి కాన్పులే మేలని నేను అనను. కర్ణాటకలో లక్ష కాన్పులకు 2004-06లో 213 మంది తల్లులు పోయేవారు. 2018-20 నాటికి అది 69కి దిగింది. ఆస్పత్రి కాన్పులు పెరగడం ఇందుకు పెద్ద కారణం. రక్తస్రావాన్ని ఆముదం ఆపలేదు. నరసమ్మగారి చేతిలో ఉండిన ఓపిక ఆస్పత్రిలోకి రాకపోవడమే నా బాధ.

1996లో నా తొలికాన్పు ఒక ఊరి ఆస్పత్రిలో. తొలికాన్పంటే కత్తెర పడవలసిందే అన్నది అక్కడి పద్ధతి. నన్ను అడిగినవారు లేరు, చెప్పినవారూ లేరు. ఖాతాదారు సంతకం లేకుండా మేము ఒక్క రూపాయి డెబిట్ వేయము. సెలవు ముగిసి కౌంటర్‌లో కూర్చొన్న చాలా నెలలు, ఒక పక్కకు ఒరిగి కూర్చొని నోట్లు లెక్కపెట్టాను. పక్క సీటాయన ‘నడుం నొప్పా మేడం?’ అంటే అవునన్నాను. చెప్పడానికి నా దగ్గర మాట ఏదీ?

అందరికీ కోత పెట్టే పద్ధతి వల్ల పెద్ద చినుగులు తప్పవని అప్పటికే తెలిసిపోయింది. అర్జెంటీనాలో రెండువేల ఆరువందల మంది తల్లులను చూసి 1993లోనే రాశారు. అవసరమున్నవారికే కోత పెట్టాలనీ, కాన్పు గడియలో మర్దన, వెచ్చని గుడ్డ, చేతి ఆనిక వంటివి వాడాలనీ 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆస్పత్రి తోడుతో నర్సులకు మంత్రసాని విద్య నేర్పడం మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం కూడా ఇందుకు మార్గదర్శకాలు తెచ్చింది. నరసమ్మగారు పోయిన నెలలోనే.

మా అమ్మాయికి నేను చెప్పింది ఇంతే. మర్దన చేసుకో, వారానికి రెండుసార్లు చాలు. పదిహేనులో ఒకటి చిన్న లాభమే అయినా, ఖర్చు ఒక చెంచా నూనె. అయితే దాన్ని నమ్ముకొని కూర్చోవద్దు. డాక్టరమ్మను మూడు అడుగు: కోత అందరికీ పెడతారా, అవసరమైతేనా? వెచ్చని గుడ్డ పెట్టే అలవాటు ఉందా? పెద్ద చినుగు పడితే కుట్టేది ఎవరు?

పోయిన వారం అడిగి వచ్చింది. డాక్టరమ్మ మొదటి ప్రశ్నకు ‘అవసరమైతేనే, అప్పుడూ నీకు చెప్పే’ అందట. మూడోదానికి ‘నేనే’ అందట. రెండోదానికి మాత్రం నర్సును పిలిచి అడిగి, ‘పెట్టిస్తాను’ అన్నదట. మా అమ్మ ఆముదం సీసా పంపిస్తానంటే, వంటింట్లో ఉన్న కొబ్బరినూనె చాలవ్వా అంది పిల్ల.