అచ్చు గుద్దిన హాలెండులో ఒక రోజు

గాలిమరలున్నాయి. కాలవలున్నాయి. ఎర్ర ఇటుకల మేడలున్నాయి. వాటి ముందు బారులు తీరిన తులిప్ పూలున్నాయి. లేనిదల్లా హాలెండే! ఎందుకంటే ఇది జపాన్. ఆ దేశానికి పడమటి కొసన, నాగసాకి ప్రాంతంలో, ససెబో అనే రేవు పట్టణాన్ని ఆనుకుని ఉన్న పార్కు. పేరు హౌస్ టెన్ బోస్. డచ్చి భాషలో 'అడవిలో ఇల్లు' అని అర్థం. హేగ్ నగరంలో నెదర్లాండ్స్ రాజకుటుంబం ఉండే భవనం పేరే దీనికి పెట్టుకున్నారు. 1992 మార్చి 25న తెరిచిన ఈ పార్కు విస్తీర్ణం 152 హెక్టార్లు, అంటే మన లెక్కలో దాదాపు 375 ఎకరాలు.

ఓ ఏప్రిల్ ఉదయం అక్కడ దిగిన వేలమందిలో బందరు నుంచి వచ్చిన దంపతులు కూడా ఉన్నారు. ఆయనకి అరవై ఆరు. హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆవిడకి అరవై ఒకటి. పుట్టిల్లు పక్కనే ఉన్న పెడన. నాన్నది కలంకారీ అద్దకం పని.

ఆవిడకి హాలెండు చూడాలని పెళ్లికి ముందునుంచీ కోరిక. 1981లో వచ్చిన 'సిల్‌సిలా' సినిమాలో అమితాబ్, రేఖ నడిచిన తులిప్ తోట ఆ దేశంలోని క్యూకెన్‌హాఫ్‌ది అని ఎక్కడో చదివింది. అప్పటినుంచీ ఆ ఎర్రటి బారులు కళ్లలో ఉండిపోయాయి. రిటైరయ్యాక తీసుకెళ్తానని మాస్టారు మాటిచ్చారు. డబ్బూ దాచారు. అంతలో అమ్మాయికి జపాన్‌లో పై చదువుకి సీటొచ్చింది. హాలెండు డబ్బు జపాన్ ఫీజయింది. ఆ తర్వాత ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. ఫుకుఒకాలో ఉద్యోగం చేస్తున్న కూతుర్ని చూడ్డానికి వచ్చే విమాన ప్రయాణమే ఆవిడకి గండం గడిచినట్టయింది. ఇక ఇంకో ఖండం మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

"ఇక్కడే ఓ హాలెండు ఉందమ్మా, మీరిద్దరే వెళ్లి రండి" అని అమ్మాయి టికెట్లు తీసి చేతిలో పెట్టింది. ఆవిడ మొహం వెలిగింది. మాస్టారి మొహం మాత్రం చిన్నబోయింది. ఇచ్చిన మాటకి బదులు నకలు చూపించి సరిపెడుతున్నట్టు ఆయనకి తోచింది.

పాస్‌పోర్టు చూపిస్తారా?

హకాతా స్టేషన్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైల్లో రెండు గంటలలోపు ప్రయాణం. అమ్మాయి కట్టిచ్చిన పులిహోర రైల్లోనే అయిపోయింది. దిగగానే నీళ్లకి అవతల ఇటుకల కోటలా ఊరు కనిపించింది. ఒకటే భవనం కాదు, ఊరికి ఊరే!

గేటు దగ్గర అమ్మాయి "పాస్‌పోర్టు, పాస్‌పోర్టు" అంటుంటే మాస్టారు కంగారుగా చొక్కా లోపలి జేబులోంచి నీలం రంగు పుస్తకం తీశారు. ఆ అమ్మాయి నవ్వాపుకుని, చేతిలోని టికెట్టు చూపించింది. రోజంతా తిరగడానికి ఇచ్చే టికెట్టునే అక్కడ పాస్‌పోర్టు అంటారు. "చూశారా, నిజంగా వేరే దేశమేనండీ" అని ఆవిడ ఆటపట్టించింది.

లోపల మూడు గాలిమరల చుట్టూ తులిప్ పూలు. ఎరుపు, పసుపు, ఊదా, తెలుపు... గీత గీసినట్టు బారులు. ఆవిడ చేతికర్ర ఆనించుకుని కదలకుండా నిలబడిపోయింది. చక్రాల కుర్చీ అద్దెకి తెస్తానని ఆయన అంటే, "నడవగలిగినంత నడుస్తాను. పూల మధ్య కుర్చీ ఎందుకూ?" అంది.

"ఎంతయినా నకలేనోయ్" అన్నారాయన గొంతు తగ్గించి.

ఆవిడ జవాబు చెప్పలేదు. నిజానికి తులిప్ కూడా హాలెండు సొంత పువ్వేం కాదు. మధ్య ఆసియా కొండల్లో పుట్టి, తుర్కీ తోటల్లో పెరిగి, 16వ శతాబ్దంలో యూరప్ చేరిన పువ్వది. వచ్చిన పువ్వుని సొంతం చేసుకోవడం ఒక్కటే డచ్చివాళ్లు చేసిన పని.

అమ్ముడుపోని నేల మీద...

ఊరి మధ్యలో ఆరు కిలోమీటర్ల పొడవునా కాలవలున్నాయి. మోకాళ్లకి పడవే సుఖం. పడవ మెల్లగా సాగుతుంటే ఇటూ అటూ మేడలు, వంతెనలు, నీడనిచ్చే చెట్లు. ఇదంతా ఒకప్పుడు సముద్రాన్ని పూడ్చి చేసిన బంజరు. ఫ్యాక్టరీల కోసం పూడ్చారు. ఫ్యాక్టరీలు రాలేదు. చెట్టు మొలవని ఆ నేలని యొషికుని కమిచిక అనే ఆయన అడిగి తీసుకున్నారు. అంతకుముందు 1983లో ఇదే ఒమురా అఖాతం ఒడ్డున 'నాగసాకి హాలెండ్ విలేజ్' అనే చిన్న పార్కు పెట్టిన మనిషి. ముందు నేలని బాగు చేశారు. నాలుగు లక్షల చెట్లు నాటారు. ఇటుకలు హాలెండు నుంచే ఓడల్లో తెప్పించారు. అఖాతం ఒడ్డుకి సిమెంటు గోడ కట్టకుండా, చేపలూ పీతలూ బతకడానికి వీలుగా రాళ్లు పేర్చారు. ఊళ్లో వాడిన నీటిని అఖాతంలోకి వదలకుండా శుద్ధి చేసి, మొక్కలకి వాడే ఏర్పాటు చేశారు.

ఇంత శ్రద్ధకి ఖర్చు కూడా అంతే అయింది. అప్పు తీరే దారి కనపడలేదు. 2003లో దాదాపు 23 వేల కోట్ల యెన్ల అప్పుతో సంస్థ చేతులెత్తేసింది. చేతులు మారింది. మళ్లీ తడబడింది. 2010లో హెచ్‌ఐఎస్ అనే ట్రావెల్ సంస్థ తీసుకుని, చలికాలపు రాత్రుల్లో ఊరంతా లక్షల దీపాలు పెట్టడం మొదలెట్టింది. తెరిచిన 18 ఏళ్లకి తొలిసారి లాభం కళ్లజూసింది. 2022లో హాంకాంగ్‌కి చెందిన పీఏజీ అనే పెట్టుబడి సంస్థ కొనుక్కుంది. యజమానులు మారారు. చెట్లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. ముప్ఫై ఏళ్లు దాటిన ఆ చెట్లు ఇప్పుడు దేనికీ నకళ్లు కావు, అచ్చమైన చెట్లే.

వెనక వైపు రాజభవనం ఉంది. హేగ్‌లోని భవనానికి అచ్చు గుద్దినట్టు కట్టారు. దాని తోట కథ మాత్రం తమాషా. 18వ శతాబ్దంలో డేనియల్ మారో అనే కళాకారుడు అసలు భవనానికి ఓ తోట గీశాడు. అది కాగితం మీదే ఉండిపోయింది. రెండు వందల ఏళ్ల తర్వాత ఆ బొమ్మ చూసి ఇక్కడ నాటారు. అంటే హాలెండులో లేని హాలెండు తోట జపాన్‌లో ఉంది!

"మరి ఇది నకలా, అసలా మాస్టారూ?" అని ఆవిడ అడిగింది. కోపం వచ్చినా, ముద్దొచ్చినా ఆవిడ ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది.

నాన్న అచ్చులు

మధ్యాహ్నం బంగాళాదుంపలూ చీజూ తప్ప శాకాహారులకి పెద్దగా దొరకలేదు. అది తింటూ ఆవిడ అసలు మాట బయటపెట్టింది.

"పొద్దుట్నుంచీ నకలు నకలు అంటున్నారు. మా నాన్న చేసింది ఏవిటండీ? టేకు చెక్క మీద చెక్కిన అచ్చు ఒకటే. దాంతో వెయ్యి దుప్పట్లు అద్దేవాడు. దేన్ని నకలంటారు? గుడ్డని కరక్కాయ నీళ్లలో సరిగ్గా నానబెట్టకపోతే, కాలవలో సరిగ్గా జాడించకపోతే రంగు పట్టదు. అచ్చు అందరి దగ్గరా ఉంటుంది. చెయ్యే వేరు."

సోషల్ మాస్టారు ఆలోచనలో పడ్డారు. ఆయనకి తెలిసిన చరిత్రంతా ఆవిడ పక్షానే సాక్ష్యం చెబుతోంది మరి. డచ్చి కంపెనీ బందరులో వర్తకస్థానం పెట్టింది 1605లో. జపాన్‌లో హిరాదో రేవులో పెట్టింది 1609లో. 1641లో వాళ్లని నాగసాకి రేవులోని దెజిమా అనే విసనకర్ర ఆకారపు చిన్న దీవికి మార్చారు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకి పైగా జపాన్‌తో వ్యాపారం చేసే అనుమతి ఉన్న యూరప్‌వాళ్లు వాళ్లొక్కరే. ఆ ఓడల్లో కోరమండల్ తీరపు బట్టలూ జపాన్ చేరాయి. పూల అద్దకాన్ని ఇక్కడివాళ్లు 'సరసా' అన్నారు. తేనీటి వేడుకల్లో వాడే విలువైన గిన్నెలకి ఆ గుడ్డతో సంచులు కుట్టుకున్నారు. చూసి చూసి తామే అద్దడం నేర్చుకుని దానికి 'వాసరసా' అని పేరు పెట్టారు.

యూరప్ కూడా తక్కువ తినలేదు. మన అద్దకం బట్టల మోజు ఎంత ముదిరిందంటే, సొంత నేతగాళ్లు దెబ్బతింటారని ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. ఆ తర్వాత వాళ్లే యంత్రాల మీద అద్దుకున్నారు. ఇక డెల్ఫ్ట్ ఊరి నీలి పింగాణీ, చైనా పాత్రల్ని చూసి హాలెండు చేసుకున్నదే. హాలెండు చైనాని చూసి చేసింది. జపాన్ కోరమండల్‌ని చూసి అద్దింది. ఇప్పుడు హాలెండుని చూసి ఊరే కట్టింది. ఈ లెక్కన అసలెక్కడ మొదలైందో తేల్చడం ఏ మాస్టారి తరమూ కాదు.

"ఒప్పుకున్నానోయ్" అన్నారు. ఒప్పుకున్నది ఆ వాదన మాత్రమే కాదని ఆవిడకి తెలుసు.

గోపురం మీంచి...

సాయంత్రానికి మోకాళ్లు ఇక లాభం లేదన్నాయి. చక్రాల కుర్చీ వచ్చింది. ఆయన తోస్తుంటే ఇటుకల బాట మీద కుర్చీ గలగలలాడింది. ఉట్రెక్ట్ నగరంలోని గోపురానికి నమూనాగా కట్టిన 105 మీటర్ల 'డోమ్‌టూరెన్' దాకా వెళ్లారు. లిఫ్టులో పైకెక్కితే అద్దాల్లోంచి ఎర్ర కప్పులు, వాటికి అవతల ఒమురా అఖాతం, పచ్చని దీవులు.

అంత అందమైన ఈ నేలకి మరో జ్ఞాపకం కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చైనా నుంచి, ఇతర చోట్ల నుంచి జపనీయులు సర్వం పోగొట్టుకుని ఓడల్లో తిరిగొచ్చారు. వాళ్లలో దాదాపు 14 లక్షల మంది ఇక్కడికి దగ్గర్లోని ఉరాగషిరా రేవులో దిగారు. మూటలు మోసుకుంటూ, పిల్లల్ని ఎత్తుకుంటూ సుమారు ఏడు కిలోమీటర్లు నడిచి వచ్చారు. వాళ్లని ఉంచిన శిబిరం ఉన్నది ఈ చోటే. ఇక్కడే కాస్త సేదదీరి, రైలెక్కి సొంతూళ్లకి వెళ్లారు. పరాయి ఊరి వేషం వేసుకున్న ఈ నేల ఒకప్పుడు అంతమందికి స్వదేశంలో మొదటి మజిలీ!

అమ్మాయి ముందే చెప్పి పంపిన ఈ సంగతిని మాస్టారు పైనించి చూపిస్తూ ఆవిడకి వివరించారు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇక్కడ ఇంతమంది నవ్వుతూ తిరుగుతున్నారంటే మంచిదేనండీ" అంది.

చీకటి పడుతుండగా దీపాలు వెలిగాయి. కాలవలో ఊరంతా తలకిందులుగా మెరిసింది. "మాటిచ్చింది ఇది కాదోయ్" అన్నారాయన చివరికి. పొద్దుట్నుంచీ గొంతులో ఉన్న మాట.

"నేనడిగింది తులిప్ పూలూ, పక్కన మీరూ. రెండూ ఉన్నాయిగా" అంది ఆవిడ.

బందరులో వాళ్లిల్లు ఉన్న పేట పేరు వలందపాలెం. వలందులంటే మన పాత తెలుగులో డచ్చివాళ్లే. ఊళ్లో వాళ్ల సమాధుల తోట కూడా ఉంది. రాళ్ల మీద చెక్కిన 17వ శతాబ్దపు డచ్చి అక్షరాలు, వంశచిహ్నాలు ఉన్నాయి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఆ చోటు చూడ్డానికి విమానం ఎక్కక్కర్లేదు, ఆటో చాలు. ముప్ఫై ఆరేళ్ల కాపురంలో ఇద్దరూ కలిసి అటువైపు ఒక్కసారీ వెళ్లలేదు.

హకాతా రైలు కదిలాక ఆ సంగతి గుర్తుచేసింది ఆవిడే. ఊరెళ్లిన మొదటి ఆదివారమే వెళ్దామని మాస్టారు కొత్త మాట ఇచ్చారు. దీనికి డబ్బు దాచక్కర్లేదు, వీసా అక్కర్లేదు. ఆ తోట గేటు దాకా ఆవిడ మోకాళ్లు కూడా ఒప్పుకున్నాయి.