మా మందిరంలో మొదటి గిటారు

ఈసారి వాక్యధ్యానం కాక ఒక పాత సంగతి రాయాలనిపించింది. కారణం చెబుతాను.

క్రిందటి నెలలో ఒక శనివారం పాటల సాధన జరుగుతుండగా మా సంఘంలోని ఒక కుర్రవాడు అరచేయంత నల్లని పెట్టె ఒకటి తెచ్చి తన గిటారుకు తగిలించాడు. "అయ్యగారూ, దీంట్లో ఎనభై రకాల ఆంప్లిఫైయర్లు ఉన్నాయండి. ఏది వినిపించమంటారు?" అన్నాడు. నేను నవ్వులాటకి "వాల్వులది ఉందా బాబూ?" అన్నాను. ఉంది. మీట నొక్కాడు. నిజం చెప్పాలంటే శబ్దం చాలా దగ్గరగానే ఉంది. కాని నొక్కీ నొక్కగానే మోగింది. వాల్వుల ఆంప్లిఫైయరు అలా మోగదు. అది వేడెక్కేదాకా కాస్త ఆగాలి. ఆ కాస్త సేపట్లో నా పక్కన కూర్చుని ఉన్న ఒక పెద్దాయన జ్ఞాపకం వచ్చి, ఆ పూట సాధనలో నా మనసు నిలవలేదు.

నాకప్పుడు పదహారేళ్లు. అమలాపురానికి కాస్త దూరంలో కాలువగట్టు పక్కన మా ఊరు. మందిరంలో వాద్యాలంటే ఒక హార్మణీ పెట్టె, ఒక ఢోలక్, రెండు జతల తాళాలు. హార్మణీ వాయించే ఆయనకే బజారులో రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. పెళ్లిళ్లకూ సభలకూ మైకుసెట్టు అద్దెకిచ్చేవారు. ఊరంతా ఆయన్ని మైకు తాతయ్య అనేవాళ్లం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఏ పాటైనా సరే, పుస్తకం విప్పకుండా వాయించేవారు.

1995 క్రిస్మస్‌కి మేము అయిదుగురం కుర్రాళ్లం మంచులో ఇంటింటికీ తిరిగి క్యారల్స్ పాడి డబ్బు పోగుచేశాం. సంఘపెద్దలు చాపలు కొందామన్నారు. మేము గిటారు అన్నాం. సినిమా పాటల్లో ఇళయరాజా గారి గిటారు విని విని మతిపోయిన వయసు మాది. పెద్దలకు కోపం వచ్చింది. అప్పుడు మైకు తాతయ్యే లేచి, "చలిలో తిరిగింది కుర్రాళ్లండి, ఆయ్. వాళ్లకిష్టమైందే కొననివ్వండి. చాపలు నేను వేయిస్తాను" అన్నారు. చాపలు వేయించారు కూడా. రాజమండ్రిలో ఒక ఆర్కెస్ట్రా కళాకారుడు తన పాత ఎలక్ట్రిక్ గిటారు అమ్ముతున్నాడని తెలిసి, సంక్రాంతి వెళ్లాక పోయి పధ్నాలుగు వందలకు కొన్నాం. కలకత్తాలో చేసిన ఎర్ర గిటారు. దానికి సంచి లేదు. మా అమ్మ పాత దుప్పటితో కుట్టింది. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే అందరూ నన్నే చూస్తున్నారనిపించింది. నిజంగా ఎవరూ చూడలేదనుకుంటాను.

ఇంటికి తెచ్చి వాయిస్తే దోమ మూలిగినట్టు ఉంది! మామూలు గిటారుకైతే లోపల డొల్ల ఉంటుంది, దానివల్ల మోగుతుంది. ఇది ఒట్టి చెక్క. ఆంప్లిఫైయరు లేకపోతే దీనికి నోరు లేదని మాలో ఎవరికీ తెలియదు. పరుగెత్తుకుని తాతయ్య కొట్టుకి వెళ్లాం. ఆయన గిటారును బల్ల మీద బోర్లించకుండా జాగ్రత్తగా పెట్టి, తీగల కింద ఉన్న ముక్కను వేలితో చూపించి చెప్పారు. లోపల అయస్కాంతం ఉంది, దాని చుట్టూ వెంట్రుక కంటె సన్నని రాగితీగ వేల చుట్లు చుట్టి ఉంది. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంతం ప్రభావం కదులుతుంది, చుట్టలో చిటికెడు కరెంటు పుడుతుంది. "ఆ చిటికెడుని చేటెడు చేసేదే ఆంప్లిఫైయరు" అన్నారు. తరువాత నేను భౌతికశాస్త్రంలో చదువుకున్నది దీనికంటే ఎక్కువేమీ కాదు.

కొట్టు వెనుక అటక మీద నుంచి ఆయన ఒక పాత వాల్వుల ఆంప్లిఫైయరు దించారు. ట్రాన్సిస్టర్లు వచ్చాక దాన్నెవరూ అద్దెకడగడం లేదు. మీట వేశారు. ఏమీ లేదు. "ఆగరా అబ్బాయ్, దానికీ నిద్ర లేవడానికి టైము కావాలి" అన్నారు. చీకటి గదిలో గాజుబుడ్ల లోపల ఎర్రగా, నిప్పుకణికల మీద బూడిద ఊదినట్టు వెలుగు వచ్చింది. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. అప్పుడు నేను ఒక్క తీగ మీటాను. ఆ గది గోడలు, బల్ల మీద ఉన్న మరలు, నా పక్కటెముకలు అన్నీ మోగాయి. మైకు తగిలించాల్సిన చోట గిటారు తగిలించాం గనుక శబ్దం అంచుల దగ్గర చిట్లి గరగరలాడింది. తప్పు జరిగిందనుకుని నేను భయపడ్డాను. తాతయ్య మాత్రం కళ్లు మూసుకుని, "బావుందిరా, తేనె కాగినట్టుంది" అన్నారు. అలా చిట్లే శబ్దం కోసమే విదేశాల్లో గొప్ప గొప్ప వాయిద్యకారులు తాపత్రయపడ్డారని నాకు పదేళ్ల తరువాత గాని తెలియలేదు.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. 1950లో గట్టి చెక్క గిటారును అంగళ్లకు తెచ్చిన అమెరికావాడు లియో ఫెండర్ కూడా మొదట రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నవాడే. ఆయనకు గిటారు వాయించడం రాదు. చదివినప్పుడు నాకు మా బజారు, మా తాతయ్య కొట్టే కళ్లముందు మెదిలాయి.

మందిరంలో వాల్వుల పెట్టె పనికిరాదు, బరువు. అక్కడ నలభై వాట్ల ట్రాన్సిస్టరు ఆంప్లిఫైయరు ఉండేది, కప్పు మీద రెండు హారన్లు, లోపల ఒక స్పీకరు పెట్టె. మొదటి ఆదివారమే నాకు షాక్ కొట్టింది. చెప్పులు బయట విడిచి ఒట్టి కాళ్లతో సిమెంటు గచ్చు మీద నిలబడతాం కదా, పైగా పొద్దున్నే కడిగిన గచ్చు. గిటారు తీగలు ఆంప్లిఫైయరు ఇనుప పెట్టెకు కలిసి ఉంటాయి. మందిరానికి ఎర్తు లేదు. ప్లగ్గులో పైనుండే పెద్ద పిన్ను గోడలోకి వెళ్తుంది గాని భూమిలోకి వెళ్లదు. పెదవులు మైకుకు తగిలేసరికి నాలుక మీద చీమలు కుట్టినట్టయింది. మా వాళ్లలో ఒకరిద్దరు అది దేవుని హెచ్చరిక అన్నారు. తాతయ్య అది ఎర్తింగు అన్నారు.

ఆ సోమవారమే ఆయన మందిరం వెనుక వేపచెట్టు దగ్గర నడుంలోతు గొయ్యి తవ్వించి, ఇనుప గొట్టం దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి పూడ్పించారు. పై నుంచి తీగ లాగి ప్లగ్గుకు కలిపారు. షాక్ పోయింది. హమ్మనే మూలుగు కూడా సగం తగ్గింది. "ఒరేయ్, ఆ గొట్టంలో వారానికోసారి నీళ్లు పొయ్యాలి. తడి లేకపోతే ఎర్తు చచ్చిపోద్ది" అన్నారు. సరేనన్నాం. మేమెవరమూ పోయలేదు. ప్రతి శనివారం సాయంత్రం ఆయనే చెంబుతో పోసేవారు.

ఆ ఏడాది నవంబరు 6న తుపాను వచ్చింది. కోనసీమలో ఆ రాత్రి గడిపినవారికి నేను వర్ణించి చెప్పనక్కరలేదు, గడపనివారికి చెప్పినా అందదు. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు దువ్వెనతో ఒక పక్కకి దువ్వినట్టు పడిపోయాయి. క్రిస్మస్ నాటికీ మా పేటకు కరెంటు రాలేదు. చందాలు లేవు, కొత్త బట్టలు లేవు. తాతయ్య ఒక ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి ఆంప్లిఫైయరుకు తగిలించారు. ఆ రోజుల్లో మైకుసెట్ల ఆంప్లిఫైయర్లు పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద కూడా నడిచేవి.

ఆ రాత్రి మొదటిసారి మా గిటారు మూలుగు లేకుండా మోగింది. హమ్మనే చప్పుడు కరెంటు తీగలనుంచి వచ్చేది గనుక, ఊరంతట్లో కరెంటు లేని ఆ రాత్రి అది కూడా లేదు. లాంతర్ల వెలుగులో ముందు ఆయన హార్మణీ మీద షడ్జమం పట్టుకున్నారు. నేను ఆ స్వరానికి గిటారు బిరడాలు ఒక్కొక్కటీ తిప్పి కలుపుకున్నాను. ఆ హార్మణీ లోకమంతా వాడే శ్రుతికి కాస్త పైన ఉండేది. నాకది తెలియదు. తెలియకపోబట్టే కలిపాను. తుపానులో బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి ఆ రాత్రి ముందు వరుసలో కూర్చుని, మొదట్లో పెదవులు కదపకుండా, నాలుగో పాటకి పాడింది. నా జీవితంలో అంత బాగా నేను మళ్లీ ఎన్నడూ వాయించలేదు.

ఇక నేను చెప్పడానికి వెనుకాడుతున్న సంగతి.

1998లో కువైట్‌లో పనిచేసే ఒక సహోదరుడు సెలవుకి వస్తూ మందిరానికి ఒక కీబోర్డు కానుకగా తెచ్చాడు. నేనప్పటికి డిగ్రీలో ఉన్నాను. కాకినాడలో ఒకరిద్దరు వాయిద్యకారుల్ని చూశాను, 440 అనే అంకె నేర్చుకున్నాను. సెకనుకు 440 కంపనాలుండే స్వరాన్ని ప్రమాణంగా 1955లో అంతర్జాతీయ సంస్థ ఐఎస్ఓ సిఫారసు చేసింది. కీబోర్డు ఆ ప్రమాణానికి ఉంది. గిటారును దానికి కలిపాం. రెండూ కలిపి మోగిస్తే పట్టు మీద పట్టు వేసినట్టుంది. అప్పుడు తాతయ్య హార్మణీ తిత్తి లాగారు. పళ్లు గీసినట్టయింది. తన శ్రుతి వాళ్ల శ్రుతికి సగం మెట్టు ఎడంగా ఉంది.

అందరి ముందూ అన్నాను. "తాతయ్యా, మీ పెట్టె శ్రుతి తప్పిందండి" అన్నాను. పైగా ఆంప్లిఫైయరు మీట కొంచెం పెంచి మళ్లీ వాయించాను, ఆయనకు తేడా తెలియాలని. ఆ మాటకంటె ఆ మీట తిప్పిందే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఆయన కాసేపు ఊరుకున్నారు. తరువాత మెల్లగా, "పెట్టె తిరగదురా. తీగ తిరుగుద్ది" అన్నారు.

నిజమే. హార్మణీలో ఇత్తడి రీడ్లుంటాయి. శ్రుతి మార్చాలంటే ఒక్కొక్క రీడును అరంతో గీకాలి, ముప్పైనలభై రీడ్లు. గిటారుకైతే ఆరు బిరడాలు, రెండు నిమిషాల పని. కీబోర్డులో కూడా శ్రుతి పైకీ కిందికీ జరిపే ఏర్పాటు ఉంది. దానితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ సంచి విప్పకుండా బీరువాలో పెట్టాం. నేను చాలా ఏళ్ల తరువాత మరో సంఘంలో అలాంటి కీబోర్డే చూసి తెలుసుకున్నాను.

హార్మణీకి ఇది కొత్త అవమానం కాదు. అది మాత్రం మన దేశంలో పుట్టిందా? పారిస్‌లో 1840లలో దానికి హక్కులు నమోదయ్యాయి. తరువాత కలకత్తాలో చేత్తో తిత్తి కొట్టుకునే రూపం దిద్దుకుంది. పరాయి వాద్యమనీ, మన సంగీతానికి పొసగదనీ 1940లో ఆలిండియా రేడియో దాన్ని బయట పెట్టింది. 1971లో గాని మళ్లీ రానివ్వలేదు. తాతయ్య యౌవనంలో ఆయనకూ ఎవరో "ఇదేం వాద్యం, గుడిలోకి తెచ్చారు" అనే ఉంటారు. అందుకేనేమో గిటారు వచ్చినప్పుడు మా పక్షాన లేచారు.

తరువాతి ఆదివారం ఆయన వెనుక చాప మీద, తాను వేయించిన చాప మీదే కూర్చున్నారు. అలిగినట్టు కాదు. పాటలు అందరికంటే గట్టిగా పాడారు. హార్మణీని భుజాన వేసుకుని ఎప్పుడు ఇంటికి తీసుకుపోయారో ఎవరూ చూడలేదు. ఎవరూ అడగలేదు. మాకు కీబోర్డు ఉంది కదా. ఆంప్లిఫైయరు పాడైతే మాత్రం కబురు పంపేవాళ్లం. వచ్చి బాగుచేసి వెళ్లేవారు, డబ్బు పుచ్చుకునేవారు కాదు.

నేను క్షమించమని అడగలేదు. అడగాలని తెలియక కాదు. ఇవాళ కాకపోతే పండక్కి అనుకున్నాను. తరువాత వేదాంత విద్యకు వెళ్లాను. 2004లో నేను డిప్లొమా రెండో ఏడాదిలో ఉండగా ఆయన ప్రభువునందు నిద్రించారని ఇంటినుంచి ఉత్తరం వచ్చింది. పరీక్షలవల్ల భూస్థాపనకు అందలేదు. అందరికీ దిద్దుబాటు గురించి బోధించే పనిలో ఉన్నవాణ్ణి గనుక ఇది రాయడం నాకు సులువు కాలేదు.

ఆ నల్ల పెట్టె విన్న మరుసటి వారం ఊరికి వెళ్లాను. ఎర్ర గిటారు మా తమ్ముడి ఇంట్లోనే ఉంది, తీగలు తుప్పు పట్టాయి. కొత్త తీగలు వేసుకుని తాతయ్యగారి అమ్మాయి ఇంటికి వెళ్లాను. ఆవిడకిప్పుడు అరవై దాటాయి. నేను వచ్చిన పని చెప్పడానికి మాటలు వెతుక్కుంటుంటే, ఆవిడే కాఫీ ఇచ్చి మాటల్లో చెప్పింది. "నాన్న మంచాన పడేదాకా శనివారం శనివారం గుడికెళ్లి గొట్టంలో నీళ్లు పోసొచ్చేవోరు బాబూ. వానాకాలంలో ఎందుకు నాన్నా అంటే, అబ్బాయిలు ఒట్టి కాళ్లతో నిలబడతారు కదే అనేవోరు."

ఆరేళ్లు. గిటారు తప్ప షాక్ కొట్టే వాద్యం ఆ మందిరంలో ఇంకొకటి లేదు.

హార్మణీ అటక మీద గోనెసంచిలో ఉంది. ఎలుకలు తిత్తి ఒక మూల కొరికాయి. ఆవిడ మనవడు ఆ చిల్లు అరచేత్తో మూసి పట్టుకున్నాడు. ఆవిడ తిత్తి కొట్టింది, నేను రీడు నొక్కాను. కొన్ని పలకలేదు. షడ్జమం పలికింది, పాత చోటే, 440 వాళ్లకంటె కాస్త పైన. గిటారు ఒళ్లో పెట్టుకుని మొదటి బిరడా తిప్పడం మొదలుపెట్టాను. ఆంప్లిఫైయరు లేదు గనుక చెవి చెక్కకు ఆనించాల్సి వచ్చింది. ఆవిడ తిత్తి ఆపకుండా కొడుతూనే ఉంది, ఆరు తీగలూ అయ్యేదాకా.